పేరు కోసం వదిలిన జాగా

ఇది రాసి పెట్టకపోతే ఒక మనిషి పేరు దొరికే చివరి ఆశ కూడా పోతుంది. అందుకే రాస్తున్నాను.

తెల్లదొరలు దేశం విడిచి వెళ్లకముందు సికింద్రాబాద్ కంటోన్మెంటులో ఒక దొర ఇంట్లో ఒకామె ఆయాగా పనిచేసేది. దొర పిల్లల్ని ఎత్తుకుని పెంచింది. ఆ ఇంటి వెనక క్వార్టర్లోనే ఉండేది, అక్కడే చనిపోయింది. ఆమె పేరేమిటో ఇప్పుడు బతికున్నవాళ్లలో ఎవరికీ తెలియదు. ఆమె సొంత మనవరాలికి కూడా తెలియలేదు. ఆ మనవరాలే మాకు ఇంగ్లిష్ నేర్పిన టీచరమ్మ. ఈ వానాకాలంలో ఆమె పోయారు. మీ ఇంట్లో ముసలివాళ్లు ఎవరైనా ఆ కాలం ఆయాల గురించి ఎప్పుడైనా ఒక మాట అని ఉంటే, అది మీకు గుర్తుంటే చెప్తారని మా లైబ్రరీ పత్రికకు ఇది ఇస్తున్నాను.

టీచరమ్మ పేరు నేను రాయడం లేదు. నాకు తెలుసు, కానీ రాయను. కారణం చదువుతుంటే మీకే తెలుస్తుంది.

నా గురించి ఒక్క ముక్క చెప్పాలి. నేను ఏడో తరగతి దాకా బడికి పోయాను. మిగతా చదువంతా లైబ్రరీది. బోయిన్‌పల్లిలో మా ఇంటి ముందుగదిలో బ్లౌజులు కుడతాను. మధ్యాహ్నం మిషను ఆపి లైబ్రరీకి పోతాను. తెలుగు బీరువాలన్నీ అయిపోయాక ఇంగ్లిష్ బీరువా మిగిలింది. దాని ముందు నిలబడితే తాళం వేసిన ఇంటి ముందు నిలబడ్డట్టు ఉండేది. లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చే ఉమ గారు అది చూసి, చర్చి వెనక గదిలో ఒక రిటైరైన టీచర్ శనివారాలు ఆడవాళ్లకు ఇంగ్లిష్ చెప్తున్నారు, పొమ్మన్నారు. మాది చర్చికి పోయే ఇల్లు కాదు, రానిస్తారా అంటే, అక్కడ ఆ లెక్కలేమీ లేవన్నారు.

మొదటి రోజు టీచరమ్మ తలుపు దగ్గరే నన్ను ఆపారు. సన్నటి మనిషి, తెల్ల చీర, ఒక పుల్ల విరిగిన కళ్లద్దాలకు నల్లదారం కట్టి ఉంది. ఎవరమ్మా నువ్వు అని అడిగారు.

"మహేశ్ వాళ్ల మమ్మీని టీచర్."

"అది మీ అబ్బాయి పేరు. నీది?"

చెప్పడానికి నాకు కొంచెం టైం పట్టింది. మా వీధిలో నేను మహేశ్ మమ్మీని, గిరాకీలకు బ్లౌజుల ఆంటీని, మా అత్తకు "ఏయ్" ని. అనసూయ అన్నాను. ఇంటిపేరు కూడా చెప్పమన్నారు. చెప్పాను. ఆమె మొత్తం ఒకసారి తిరిగి పలికి, అప్పుడు తలుపుకు అడ్డం తొలిగారు. ఆ రోజు నుంచి పోయే దాకా ఆమె నన్ను ఒక్కసారి కూడా అనూ అనలేదు, అమ్మా అనలేదు. అనసూయా అనే పిలిచారు. కోపమొస్తే ఇంటిపేరుతో సహా.

గదిలో ఒక పొడుగు బల్ల ఉండేది. దాని చుట్టూ కూర్చునేవాళ్లం. వారం వారం తప్పకుండా వచ్చేవాళ్లం ముగ్గురం. మోండా మార్కెట్లో కూరగాయలు అమ్మే సుగుణ, ఒక హాస్పిటల్లో ఆయాగా చేసే మార్త, నేను. మిగతావాళ్లు వస్తూ పోతూ ఉండేవాళ్లు.

టీచరమ్మ పాఠం నౌన్‌తో మొదలయ్యేది. ఎన్నిసార్లు కొత్తవాళ్లు వస్తే అన్నిసార్లు మళ్లీ నౌన్‌తోనే. పెద్ద అక్షరాలతో చార్టు మీద ఒక వాక్యం రాసి బల్ల మీద పరిచేవారు. బిస్కెట్ డబ్బాలోంచి చింతగింజలు తీసి మా చేతుల్లో పోసేవారు. వాక్యంలో ఏవి నౌన్లో వాటి మీద గింజ పెట్టాలి. నౌన్ అంటే ఏమిటో మాత్రం చెప్పేవారు కాదు. అడిగితే ఒకటే మాట.

"దేన్ని పోగొట్టుకుంటే ఏడుస్తావో దాని మీద పెట్టు."

తల్లి గబగబా పళ్లాలు కడిగింది అని ఒకరోజు ఇంగ్లిష్‌లో రాశారు. మదర్ మీద గింజ పెట్టాము. ప్లేట్స్ మీద పెట్టాము. మార్త మాత్రం క్విక్లీ మీద కూడా ఒకటి పెట్టింది. టీచరమ్మ తప్పు అనలేదు. ఎప్పుడూ అనేవారు కాదు. క్విక్లీ పోతే ఏడుస్తావా మార్తా అని అడిగారు.

"అది పోయి చానా దినాలైంది టీచర్. మోకాళ్లు నొస్తున్నయ్ గద" అంది మార్త.

బల్లంతా నవ్వులు. టీచరమ్మ నవ్వలేదు, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆమె నవ్వు ఆపుకుంటున్నారని గుర్తు అదే. మాకు అది తెలియడానికి చాలా రోజులు పట్టింది.

నేను లైబ్రరీలో వ్యాకరణం పుస్తకం వెతికి, అందులో మనిషి, స్థలం, వస్తువు అని ఉన్నది రాసుకుపోయి చూపించాను. కొంచెం గర్వంగానే చూపించాను. ఆమె శ్రద్ధగా విని, పరీక్ష రాస్తే ఇదే రాయి అనసూయా, నేను చెప్పింది రాస్తే మార్కులు రావు అన్నారు. మరి హోప్ ఏమవుతుంది టీచర్, అది వస్తువు కాదు కదా, ముట్టుకోలేం కదా అని పట్టుబట్టాను. ఆమె నా చేతిలో గింజ తీసుకుని హోప్ మీద నేనే పెట్టేదాకా దాన్ని నా ముందు పట్టుకుని కూర్చున్నారు.

హజ్‌బెండ్ అనే మాట వచ్చిన రోజు సుగుణ గింజ చేతిలో పట్టుకుని ఆగిపోయింది.

"టీచరమ్మా, మొగడు నౌనే గానీ, పోతే ఏడుస్తనో లేదో నేను చెప్పలేను."

"అయితే గింజ సగం చేసి పెట్టు" అన్నారు టీచరమ్మ, ముఖంలో ఏ మార్పూ లేకుండా.

సుగుణ నిజంగానే గింజను పంటితో కొరకబోయింది. ఆ తర్వాత ఎన్నో నెలలకు సుగుణ భర్త లారీ దిగుతూ పడి చనిపోయాడు. దినాలు అయ్యాక ఆమె మళ్లీ క్లాసుకు వచ్చింది. ఆ రోజు చార్టు మీద ఏదో వేరే వాక్యం ఉంది. సుగుణ చుట్టి గోడకు ఆనించిన పాత చార్టులు ఒక్కొక్కటి విప్పి చూసి, హజ్‌బెండ్ ఉన్నది తెచ్చి బల్ల మీద పరిచి, దాని మీద గింజ పెట్టింది. నిండు గింజ. టీచరమ్మ కుర్చీ జరుపుకుని ఆమె పక్కన కూర్చున్నారు. ఆ రోజు ఇంక పాఠం జరగలేదు.

టీచరమ్మకు నిజంగా కోపం రావడం నేను ఒక్కసారే చూశాను. కొత్తగా వచ్చిన ఒకామె కూర్చునే జాగా కోసం మార్తను, "ఆయా, జెర జరుగు" అంది. అందులో తిట్టు ఏమీ లేదు. హాస్పిటల్లో మార్తను అందరూ అట్లనే పిలుస్తారు, మార్త పలుకుతుంది కూడా. ఆ రోజూ పలికి జరగబోయింది. టీచరమ్మ మార్త భుజం మీద చెయ్యి వేసి కదలనివ్వలేదు. కొత్తామె వైపు తిరిగి, ఈమెకు పేరుంది, అడిగి తెలుసుకుని అప్పుడు జరగమను అన్నారు. ఆ వయసులో అంత చిన్న మాటకు అంత కోపమెందుకో మాకు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది.

ఒక ఏడాది సమాధుల పండుగకు ముందు టీచరమ్మ క్లాసును సమాధుల తోటకు మార్చారు. నాకు ఈ పండుగ తెలియదు. నవంబరు మొదట్లో చర్చివాళ్లంతా తోటకు పోయి, తమ వాళ్ల సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఆ సంవత్సరం తోట గేటుకు చర్చి కమిటీ ఒక నోటీసు అంటించింది. తోట నిండిపోయింది, కొత్తవాళ్లకు జాగా లేదు. అందుకని పాత సమాధుల్లో రాత చదవడానికి రానివి, వారసులు పేరు చెప్పి రాయించుకోనివి మళ్లీ తవ్వి వేరేవాళ్లకు ఇస్తారు. పేరు చెప్పి రాయించుకున్నవాళ్లకు మాత్రం ఆ సమాధి వాళ్ల కుటుంబానికే ఉంటుంది, ఇంట్లో ఎవరైనా పోతే అందులోనే పెట్టుకోవచ్చు.

ఆ నోటీసు ముందు నిలబడి మాతో గింజలు పెట్టించలేదు టీచరమ్మ. కొబ్బరి పుల్లలు, వెదురు బద్దలు, నీళ్ల బకెట్లు ఇచ్చారు. ఇనుము తగిలితే రాయి గీసుకుపోతుంది, వద్దన్నారు. రాళ్ల మీద అక్షరాలు తీయమన్నారు.

అప్పుడు ఒక సంగతి తెలిసింది. చదవడానికి రాని రాళ్లు ఎవరూ పట్టించుకోనివి కావు. ఎవరూ రాని సమాధుల మీద నాచు పట్టింది, దుమ్ము పట్టింది, కానీ కడిగితే అక్షరాలు చక్కగా కనిపించాయి. ఏటేటా క్రమం తప్పకుండా వచ్చినవాళ్ల రాళ్ల మీదే అక్షరాలు మూసుకుపోయాయి. పండుగ వచ్చినప్పుడల్లా ప్రేమగా సమాధి మొత్తం సున్నం పూస్తారు, అక్షరాల మీద కూడా పూస్తారు. ఏళ్ల తరబడి పూత మీద పూత పడి, చెక్కిన గుంటలన్నీ నిండిపోతాయి. తోట కాపలా కాసే కొమురయ్య తాత చూసి, "ఎక్కువ ఏడ్సినోల్ల రాళ్లే ముందు గుడ్డివైతయ్ బిడ్డా" అన్నాడు.

మేము పుల్లలతో సున్నం తవ్వుతూ ఒక్కో మాటా బయటికి తీసేవాళ్లం. వైఫ్. డాటర్. ఫీవర్. సార్జెంట్. దుమ్ములో చేతులు పెట్టి నేర్చుకున్న ఆ మాటలు నాకు ఇప్పటికీ మరిచిపోవడానికి రావు. ముందు నౌన్లు తీయండి, మిగతావి తర్వాత తీసుకోవచ్చు అనేవారు టీచరమ్మ. తీసినదాంట్లో సుగుణ చిన్న బ్రష్షుతో నల్లరంగు నింపేది. కూరగాయల మీద నీళ్లు చల్లే చెయ్యి కదా, ఒక్క చుక్క బయటపడేది కాదు.

టీచరమ్మ మాతో కలిసి పనిచేయలేదు. వెనక గోడ పక్కన ఒక చిన్న రాయి ముందు ఒక్కరే కూర్చున్నారు. ఆ రాయి మొత్తం పెరుగు గడ్డలా తెల్లగా ఉంది, ఒక్క గీత కూడా కనిపించడం లేదు. ఎంత తవ్వినా ఆమె పుల్ల విరుగుతోంది తప్ప సున్నం రావడం లేదు. నేను పోయి పక్కన కూర్చుని, ఎవరిది టీచర్ అని అడిగాను.

"మా అమ్మమ్మ. ఇంగ్లిష్ చదవడం రాకముందు నుంచీ ఏటేటా నేనే పూశాను అనసూయా. పిల్లలకు చదువు చెప్పేదాన్ని, అక్షరం మీద పూయకూడదని నాకు తోచలేదు చూడు."

నేనూ మార్తా నీళ్లు పోసి పోసి నానబెట్టి, సాయంత్రానికి ఆ రాయిని తెరిచాము. ఇంగ్లిష్‌లో నాలుగు వరసలు. పైన పెద్ద అక్షరాలతో ఆయా. దాని కింద నమ్మకమైన సేవకురాలు, మా పిల్లల స్నేహితురాలు అనే అర్థంతో రెండు వరసలు. ఆఖరి వరసలో దొర కుటుంబం పేరు ఉండాలి, కానీ ఆ మూల ఎప్పుడో పగిలి పోయింది. టీచరమ్మ జాకెట్లోంచి చింతగింజలు తీశారు. ఎప్పుడూ నాలుగు గింజలు ఆమె దగ్గర ఉండేవి. రాయి మీద ఒక్కొక్కటి పెట్టారు. ఆయా మీద, సేవకురాలి మీద, స్నేహితురాలి మీద, పిల్లల మీద. ఇంక పెట్టడానికి మాట లేదు. ఆమె వెతుకుతున్న మాట ఆ రాయి మీద అసలు లేదు.

మార్త కొంగు తడిపి ఆయా అనే అక్షరాలను మళ్లీ ఒకసారి తుడిచింది.

తర్వాతి ఆదివారం టీచరమ్మకు తోడుగా నేను కమిటీ గదికి పోయాను. కమిటీ సెక్రటరీ జయరాజు గారు చిన్నప్పుడు సండే స్కూల్లో ఆమె దగ్గర పాఠాలు విన్నవారే. లేచి నిలబడి కుర్చీ వేశారు. టీచరమ్మ తన కోరిక ఒకటే అని చెప్పారు. తను పోయాక ఆ సమాధి తెరిచి తనను అమ్మమ్మ దగ్గరే పెట్టాలి. పెళ్లి కాలేదు, తోబుట్టువులు లేరు, తండ్రి గుర్తు లేడు, కన్న తల్లి తను పుట్టినప్పుడే పోయింది. పెంచింది అమ్మమ్మే. వేరే ఎవరి దగ్గర పడుకోవాలి? ఇదంతా ఆమె మామూలుగా, పాఠం చెప్పినట్టు చెప్పారు.

జయరాజు గారు పెన్ను తీశారు.

"దానికేముంది టీచర్ గారూ. అమ్మమ్మ గారి పేరు చెప్పండి, రాసుకుంటాను."

టీచరమ్మ నోరు తెరిచారు. మాట రాలేదు. మళ్లీ తెరిచారు. నేను ఆమె వంక చూస్తున్నాను. తలుపు దగ్గర నిలబెట్టి మా అందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా చెప్పించుకున్న మనిషి.

"నేను అమ్మమ్మ అనేదాన్ని" అన్నారు.

"అది పేరు కాదు కదండీ."

"కాదు" అన్నారు ఆమె. కొంచెం ఆగి, "నాకు తెలియదు జయరాజూ" అన్నారు.

ఆయన చెడ్డ మనిషి కాదు. పెన్ను మూత పెట్టలేక, రాయలేక అవస్థ పడ్డారు. ఇంటిపేరైనా, ఊరైనా అని అడిగారు. ఆ కాలం రికార్డులు మిగల్లేదని ఆయనే చెప్పారు. పేరు లేకుండా ఒక్కరికి ఇస్తే ప్రతి రాయీ ప్రతివాళ్ల అమ్మమ్మదే అవుతుంది, రేపు గేటు దగ్గర శవాలు పెట్టుకుని కొట్లాడుకుంటారు, నా చేతిలో లేదు టీచర్ గారూ అన్నారు. ఆమె తల ఊపారు. ఆయన చెప్పింది న్యాయమే అన్నట్టు ఊపారు. అది నాకు ఇంకా బాధ అనిపించింది.

బయట చర్చి మెట్ల మీద కూర్చున్నాము. ఆమె తనంతట తానే చెప్పారు. దొరసాని, బట్లరు, చాకలి, పాలవాడు, అందరూ అమ్మమ్మను ఆయా అనే పిలిచేవాళ్లట. అమ్మమ్మ చీర కొంగు దొర పిల్లల పౌడరు వాసన వచ్చేదట. తను గట్టిగా నవ్వితే అమ్మమ్మ అరచెయ్యి నోటి మీద పడేదట, బాబా నిద్రపోతున్నాడు, ష్ అని. దొర పిల్లవాడు నిద్రపోయేదాకా ఆ చెయ్యి అట్లనే ఉండేదట.

"ఆ చెయ్యి నాకు ఇప్పటికీ తెలుసు. ఏ వేలు వంకరో చెప్పగలను. పేరు తెలియదు. అమ్మమ్మకి వేరే పేరొకటి ఉంటుందని చిన్నపిల్లకి ఎట్లా తెలుస్తుంది అనసూయా? తెలిసే వయసు వచ్చేసరికి నేను బోర్డింగులో ఉన్నాను. అడగడానికి ఎవరూ మిగల్లేదు."

లైబ్రరీలో చదివినవాటిలో అక్కడ చెప్పదగ్గ మాట ఒక్కటీ గుర్తు రాలేదు.

మరుసటి రోజు నుంచి నాకు తెలిసిన ఒకే పని చేశాను. ఉమ గారు తోడుండి, కంటోన్మెంటు గురించి ఇంగ్లిష్ బీరువాలో ఉన్న పుస్తకాలన్నీ తీశారు. నేను ఒక్కొక్కటీ చదివాను. ఆ బీరువా తాళం తీసిన మనిషి కోసమే చదివాను. దొరల పేర్లు దొరికాయి. వాళ్లు పందేలు కట్టిన గుర్రాల పేర్లు దొరికాయి. ఒక దొరసాని పెంచుకున్న కుక్కల పేర్లు మూడూ దొరికాయి. ఆయాల గురించి కూడా ఉంది. మంచి ఆయా దొరకడం కష్టం అని ఉంది.

టీచరమ్మ వెతకడం మానలేదు. ఎవరైనా ముసలివాళ్లు కనిపిస్తే ఆగి, మీ వాళ్లెవరైనా దొరల ఇళ్లల్లో చేశారా అని అడిగేవారు. మోండా మార్కెట్లో సుగుణ బండి దగ్గర నిలబడి, వచ్చే పోయే ముసలమ్మలను అడిగేవారు. కొందరు వంటవాళ్ల పేర్లు చెప్పారు, ఒకరు దొర గుర్రపువాడి పేరు చెప్పారు. టీచరమ్మ అన్నీ వినేవారు. ఇంటికి పోతూ ఒక్కోసారి నోటికొచ్చిన ఆడపేర్లు మెల్లగా పలుక్కుంటూ నడిచేవారు. ఏదైనా చెవికి తగిలి, ఇదే అనిపిస్తుందేమోనని. మరియమ్మ, రత్తమ్మ, శాంతమ్మ, ఎలీసమ్మ. ఒక్కోదాని తర్వాత ఒక్క క్షణం ఆగేవారు. తర్వాత ఇంకొకటి.

పోయిన ఎండాకాలంలో ఆమె మంచం పట్టారు. మేము ముగ్గురం వంతులు వేసుకుని ఉన్నాము. హాస్పిటల్లో మార్త ఆమెకు స్నానం చేయించేది. ఒకరోజు ముగ్గురం అక్కడే ఉన్నప్పుడు టీచరమ్మ అన్నారు, నా రాయి మీద పేరు రాయించొద్దు, టీచర్ అని రాయించండి చాలు.

సుగుణకు కోపం వచ్చింది. "గట్లెట్ల టీచరమ్మా? అందర్నీ పేరు చెప్పుమని నిలవెట్టిన మీకే పేరు లేకుంటే ఎట్ల?"

"ఉంటుంది. మా అమ్మమ్మది దొరికిన రోజు నాది కూడా రాయించండి. అప్పటిదాకా ఆమెకు లేనిది నాకు వద్దు."

అందుకే నేను ఇక్కడ ఆమె పేరు రాయలేదు. నాకు ఇష్టం లేక కాదు.

ఆమె హాస్పిటల్లో ఉండగానే తోటలో గోడ పక్కన ఆ సమాధి తెరిచి వేరే కుటుంబానికి ఇచ్చారు. ఆ కుటుంబాన్ని నేను ఏమీ అనను. వాళ్ల ఇంట్లో కూడా మనిషి పోయింది. ఈ సంగతి మేము టీచరమ్మకు చెప్పలేదు. అప్పుడప్పుడు కళ్లు తెరిచి, అమ్మమ్మ దగ్గర గడ్డి పీకారా అని అడిగేవారు. పీకాము టీచర్ అని మార్త చెప్పేది. బయటికి వచ్చి ఏడ్చేది.

టీచరమ్మను కాప్రా దాటి కొత్తగా కొన్న నేలలో పెట్టారు. చెట్టు లేదు, గోడ సగం కట్టి ఉంది. వాన పడుతోంది. పాస్టరు గారు ప్రార్థన చేశాక అందరూ గుప్పెడు గుప్పెడు మన్ను వేశారు. సుగుణ మన్నుతో పాటు చింతగింజలు కూడా వేసింది, పెట్టె మీద పడి టకటక చప్పుడయ్యాయి. దేన్ని పోగొట్టుకుంటే ఏడుస్తావో దాని మీద పెట్టు అన్నారు కదా.

తర్వాత కొమురయ్య తాత కబురు పంపాడు. ఆయా రాయిని పీకి తోట గోడకు ఆనించి పెట్టారు, పగలగొట్టకముందే తీసుకుపొమ్మని. జయరాజు గారు వచ్చి దగ్గర నిలబడి ఆటోట్రాలీ ఎక్కించారు. ఎక్కించేటప్పుడు రాయి మీద చెయ్యి పెట్టి ఒక నిమిషం ఉన్నారు. సుగుణ బండికి కూరగాయలు తెచ్చే శ్రీను ఆ రాయిని, మమ్మల్ని కాప్రా దాకా తోలాడు. రాళ్లు చెక్కే జహంగీర్ భాయి టీచర్ అని చెక్కిన కొత్త రాయిని, ఆయా అని ఉన్న పాత రాయిని పక్కపక్కన ఒకే సిమెంటు దిమ్మె మీద నిలబెట్టాడు.

ఆ నేలకు కొత్తగా పెట్టిన వాచ్‌మన్ చదువుకున్నవాడు. రాళ్లు చదివి అడిగాడు.

"ఈమె ఆయానా, టీచరా?"

"ఒక్కరు గాదు. ఇద్దరు" అంది సుగుణ.

ఒక్కరే ఉన్నారు ఆ మట్టిలో. మాకు తెలుసు. రెండో ఆమె ఎక్కడ ఉందో, ఎవరి కింద ఉందో అది కూడా తెలుసు. అయినా సుగుణ చెప్పిందే ఉండనిచ్చాము.

సమాధుల పండుగ వస్తోంది. మీ వాళ్ల సమాధులకు సున్నం వేసేటప్పుడు అక్షరాలున్న చోట వదిలి వేయండి. చేతులెత్తి అడుగుతున్నాను.

ఇది రాయడానికి సాయపడ్డవాళ్లకు నమస్కారాలు. ఇంగ్లిష్ బీరువా తెరిచి పెట్టి, నేను లేచేదాకా లైట్లు ఆర్పకుండా కూర్చున్న ఉమ గారికి. నా చేతిరాతను కంప్యూటర్లో కొట్టి, రెండుచోట్ల ఆగిపోయి లేచి వెళ్లిన మా మహేశ్‌కు. కబురు పంపిన కొమురయ్య తాతకు. రాయిని ఇప్పించిన జయరాజు గారికి. దారంతా గుంతలు తప్పిస్తూ మెల్లగా తోలిన శ్రీనుకు. చివరిదాకా టీచరమ్మ చెయ్యి వదలని మార్తకు. నల్లరంగు డబ్బాను ఇంట్లో పెట్టుకుని, ఎండిపోకుండా అప్పుడప్పుడూ మూత తీసి కలుపుతున్న సుగుణకు. ఆయా రాయి అడుగున ఒక పేరుకు జాగా నున్నగా తీసి, కొత్త రాయి చెక్కేటప్పుడు టీచర్ కింద ఇంకో పేరుకు జాగా వదిలిన జహంగీర్ భాయికి.

ఇంకా ఇద్దరు మిగిలారు. వాళ్లకు పేరు పెట్టి చెప్పాలి. అందుకే ఇప్పుడు చెప్పడం లేదు.